పదోవంతు ఊపిరి

మధ్యాహ్నం ఎండు చేపలు తిరగేసే వేళకు నూకరత్నం ఒకసారి ఇంట్లోకి వెళ్ళి ఉయ్యాలలోకి తొంగి చూసి వచ్చేది. అవసరమై కాదు, మనసు ఊరుకోక. ఉయ్యాలలో పడుకున్న కూతురు లోవ నెలలు నిండకుండానే తొందరపడి పుట్టిన పిల్ల. పుట్టిన కొత్తలో చేటలో పడుకోబెడితే చేటే బరువుగా ఉండేది. అలాంటి పిల్లలు నిద్రలో ఊపిరి తీసుకోవడం మరిచిపోతారని ఆస్పత్రిలో చెప్పారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి రత్నానికి తన ఊపిరి కూడా సరిగ్గా ఆడలేదు.

ఆ మరుపుకు విరుగుడు కూడా ఆ ఆస్పత్రిలోనే ఇచ్చారు. అదొక మొలతాడు.

చూడ్డానికి వాళ్ళ ఊరు గెడ్డపాలెంలో ప్రతి పిల్ల నడుముకూ ఉండే నల్లతాడు లాంటిదే. లోపల మాత్రం వెంట్రుకంత సన్నని తీగ ఒకటి పేనుకుని ఉంటుంది. పాప పొట్ట లేచి దిగడాన్ని అది వింటుంది. విన్నదాన్ని కొండమీది తెల్లహాళ్ళకు చేరవేస్తుంది. కిటికీలు లేని ఆ హాళ్ళు విదేశీ కంపెనీలవి. సముద్రపు నీళ్ళు పైకి తోడుకుని ఒళ్ళు చల్లబరుచుకుంటూ రేయింబవళ్ళు ఆలోచించే యంత్రాలు వాటి నిండా ఉంటాయి. లక్షలమంది పిల్లల ఊపిరిని అవి పక్కపక్కన పెట్టి చూసుకుంటాయి. ఏ బిడ్డ మరిచిపోబోతోందో మరవకముందే పసిగడతాయి. అప్పుడు నడుము దగ్గర తాడు చిన్నగా బిగిసి వదులుతుంది, తల్లి వేలితో తట్టినట్టు. పాప ఊపిరి తీసుకుంటుంది. నిద్ర కూడా చెదరదు.

కంపెనీలు ప్రేమకొద్దీ చేసే పని కాదది. తీరాన్నీ నీళ్ళనీ వాడుకుంటున్నందుకు మామూలు పన్నుతో పాటు, తమ యంత్రాల పనిలో పదోవంతు సర్కారుకు అప్పజెప్పాలని చట్టం ఉంది. తుఫాను కబురు ముందుగా తెలిసేది ఆ పదోవంతుతోనే. పిల్లల ఊపిరి వినేదీ ఆ పదోవంతుతోనే.

ఒకరోజు రత్నం తొంగి చూసి బయటికి వస్తుంటే, అత్తగారు అచ్చియ్యమ్మ టీవీ ముందు కూర్చుని రొయ్యలు వలుస్తోంది. టీవీలో ఇద్దరు పెద్దమనుషులు చేతులు పట్టుకుని ఎంతకీ వదలకుండా ఊపుకుంటున్నారు.

"ఎవులే ఆడు, సున్నమేసిన గోడలాగున్నాడు?" అంది అచ్చియ్యమ్మ.

"మనకి నేస్తమైన దేశపోడంట అత్తా. ఆల కంపెనీల మీద మనం పన్నేత్తన్నామని అలిగినాడంట. మనోలు పదోవంతు ఎత్తేసినారంట."

"అలిగితే ఎత్తేత్తారేటి? మా ఆయన ఎన్నిసార్లు అలిగినాడు, ఒక్క గిద్ద నూకలు కూడా నానెత్తి ఇయ్యనేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. టీవీలో చెప్పే పదోవంతుకూ ఉయ్యాలలో పిల్లకూ ఏదో ముడి ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. అదే వారంలో వెనక వాటాలో ఉండే తోటికోడలు సన్యాసమ్మ ఫోనుకు ఒక మెసేజి వచ్చింది. 'మీ బాబు పెద్దవాడయ్యాడు. ఇకపై మొలతాడు వినడం ఆపుతుంది. శుభాకాంక్షలు.' సన్యాసమ్మ దాన్ని చదివి, ఇసుకలో దొర్లుతున్న నాలుగేళ్ళ కొడుకు తాతాజీని చూసి, "పెద్దోడివైపోనావంటరా, రేపట్నించి యేటకెల్లిపో" అని ఫోను గూట్లో పెట్టేసింది.

మర్నాడు గాలి బొత్తిగా లేదు. రత్నం ఉయ్యాల దగ్గరికి వెళ్ళేసరికి లోవ పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. పొట్ట లేవడం లేదు. తాడు కదుల్తుందని రత్నం చూసింది. ఎప్పుడూ అదే కదిలేది. అది కదల్లేదు. ఇంకా చూస్తూ నిలబడితే ఏమయ్యేదో! వంగి అరికాలి మీద వేలితో గట్టిగా కొట్టింది. లోవ ఒక్కసారి ఎగిరిపడి, గాలి పీల్చి, కెవ్వుమంది.

భర్త ఎల్లాజీ పడవ మీద ఉన్నాడు. అత్తనూ తోటికోడల్నీ వెంటబెట్టుకుని ఆటో ఎక్కి, కొండ కింద ఉన్న పరిశోధనశాలకు వెళ్ళింది రత్నం. మొలతాడును తయారు చేసింది అక్కడే. తయారు చేసిన డాక్టరు సుగుణ అక్కడే ఉంటుంది. కళ్ళజోడు జుట్టులోకి తోసుకుని, దాన్ని బల్లమీద వెతుక్కునే మనిషి.

సుగుణ చిన్న పలకలాంటి దాన్ని తాడుకు ఆనించి చూసింది. మళ్ళీ ఆనించింది. "ఈ తాడు మీ పాపది కాదమ్మా. తాతాజీ అనే బాబుది" అంది.

సన్యాసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అచ్చియ్యమ్మ నేల చూస్తూ చెప్పింది. "కొత్తది డబ్బాలో ఉందమ్మా. పురిటిగుంటకి కొత్తగుడ్డ తొడుగుతామేటి? బతికి బట్టకట్టినోడిదే తొడుగుతాం. తాతాజీగాడు కూడా నెల తక్కువోడే, గుండ్రాయిలాగ లేచినాడు. ఆడి తాడు కడితే ఆడి ఆయుస్సు దీనికీ అంటుకుంటాదని నానే కట్టినాను. మొలతాడు కూడా గుడ్డతో సమానమే కదా అనుకున్నాను."

అరుస్తుందేమో అనుకున్నారు ముగ్గురూ. సుగుణ అరవలేదు. "నాకూ మా అమ్మ మొదట మా అన్నయ్య పాత చొక్కానే తొడిగింది" అంది. "తాడు పేనేటప్పుడు నాకది గుర్తు రాలేదు."

"మరి ఇన్నాళ్ళూ బాగానే కదిలినాది కదమ్మా" అంది రత్నం.

"అందరినీ విన్నన్నాళ్ళూ యంత్రానికి పేరుతో పని లేదమ్మా. ఎవరి ఊపిరైతేనేం, వినేది. ఇప్పుడు పదోవంతు పోయింది. కంపెనీవాళ్ళు దయ తలిచి మూలనున్న యంత్రం ఒకటి వదిలారు. దాంట్లో కొందరినే వినగలం. పెద్ద పిల్లల్ని ఆపేద్దాం, పసివాళ్ళని ఉంచుదాం అనుకున్నాం. నాలుగేళ్ళ తాతాజీని నేనే ఆపాను."

"అయితే కొత్త తాడు కట్టేత్తాను. ఇప్పుడే ఎల్లి తెత్తాను" అంది రత్నం.

సుగుణ తలుపు తెరిచింది. నడవ పొడుగునా తల్లులు. ఒకామె నిద్రపోతోంది, ఆమె ఒళ్ళో కవలలు. ఇంకొకామె అరటిపండు చిదిమి ఎవరికో పెడుతోంది. "డబ్బాలోని తాడు ఒక్కసారీ పలకలేదు కాబట్టి మీ పాప పేరు లెక్కలోకి రాలేదు. ఇప్పుడు ఒకరిని ఎక్కించాలంటే ఒకరిని దించాలి" అంది సుగుణ. "మొన్న ఒకరిని ఎక్కించలేకపోయాను. పక్క మండలంలో బాబు. అంతా అయిపోయాక వాళ్ళ నాన్న ఫోన్ చేసి, తాడు తిరిగి ఇచ్చేయాలా మేడమ్ అని అడిగాడు."

ఎవర్నో ఒకర్ని దించమని అడగాలనిపించింది రత్నానికి. అనిపించినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా అనిపిస్తూనే ఉంది. కవలల తల్లి నిద్రలోనే ఒక బిడ్డను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. రత్నం కళ్ళు తిప్పుకుంది.

"ఇంకేటి దారి నేదా అమ్మా?"

సుగుణ సొరుగులోంచి ఇంకో తాడు తీసింది. కాస్త లావుగా, మధ్యలో చింతగింజంత ఉబ్బుతో ఉంది. "దీనికి కొండతో పని లేదు. దీని బుర్ర దీంట్లోనే ఉంది. కానీ చిన్న బుర్ర. లక్షమంది పిల్లల సంగతి దీనికి తెలీదు. ఎవరికి కడితే వాళ్ళ ఒక్కరి ఊపిరే నేర్చుకుంటుంది. ఆగబోయే ముందు మీ పాప ఊపిరి ఎలా మారుతుందో అది చాలాసార్లు చూడాలి."

రత్నానికి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. "అంటే... ఆగనియ్యాలా?"

"ఆగనివ్వాలి. కొంచెం. ఇక్కడే, నా ఎదురుగా. ఆక్సిజన్ పక్కనే ఉంటుంది. అది నేర్చుకోకముందే మనం తట్టేస్తే ఎప్పటికీ నేర్చుకోదు."

"మీ గుంటకైతే కడతారా?" అంది అచ్చియ్యమ్మ.

"ఆ మాట అడక్కండమ్మా. నాకు పిల్లల్లేరు. కడతానని చెప్పడం నాకు చాలా తేలిక."

ఆ జవాబే రత్నాన్ని ఒప్పించింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నమయ్యేసరికి చేపల పని సన్యాసమ్మకు అప్పగించి రత్నం లోవనెత్తుకుని ఆటో ఎక్కేది. పరిశోధనశాల లోపలి గదిలో చాప మీద పాపను పడుకోబెట్టేవాళ్ళు. అటు సుగుణ, ఇటు రత్నం. లోవ ఊపిరి సన్నబడేది. దీపం వత్తి తగ్గించినట్టు తగ్గి, ఆగేది. రత్నం వేలు అరికాలి దగ్గరికి వెళ్ళిపోయేది.

"ఆగండి" అనేది సుగుణ.

రత్నం ఆగేది. తొమ్మిదో తరగతిలో ఉండగా బడి మాన్పించి వలల దగ్గర కూర్చోబెట్టినప్పుడు కూడా ఇంత కష్టంగా ఆగలేదామె. పాప పెదాల రంగు తప్ప ప్రపంచంలో ఇంకేమీ కనబడేది కాదు. ఆ తరువాత సుగుణ తల ఊపేది, వేలు పడేది, లోవ ఏడిచేది. ఎత్తుకుని గుండెకు హత్తుకుంటే పాప ఏడుపు తొందరగానే ఆగేది. రత్నానిదే ఆగేది కాదు.

తాడు మొదట్లో అన్నీ తప్పులే చేసింది. పాపకు ఎక్కిళ్ళొస్తే బిగిసేది. పాలు తాగుతూ గుటక వేస్తే బిగిసేది. తుమ్మితే రెండుసార్లు బిగిసేది. అసలు ఊపిరి ఆగినప్పుడు మాత్రం మొద్దులా పడి ఉండేది. "దీనికన్నా మా తాతాజీగాడే నయం, రెండుసార్లు సెప్తే ఒకసారైనా ఇంటాడు" అనేది అచ్చియ్యమ్మ. సుగుణ నవ్వి, ఆ రాత్రికి తాడును తన దగ్గరే ఉంచుకుని సరిచేసి, మర్నాడు మళ్ళీ కట్టేది.

ఇంటి దగ్గర వాడుకోవడానికి సుగుణ ఒక పెట్టె ఇచ్చింది. అది ముందుగా ఏమీ చెప్పదు, ఊపిరి ఆగిపోయాకే కూస్తుంది. కూసినప్పుడల్లా ఎవరో ఒకరు పరుగెత్తాలి, పాపను కొట్టి లేపాలి. అలా నిద్ర చెడి చెడి లోవ ఒళ్ళు చెయ్యడం మానేసింది. వీధిలో వలలు కుట్టే ఆడవాళ్ళు వంతులేసుకుని ఉయ్యాల పక్కన కూర్చునేవారు. ఎల్లాజీ వేట నుంచి వచ్చి స్నానమైనా చెయ్యకుండా ఉయ్యాల తాడు పట్టుకుని కూలబడేవాడు. ఒకసారి అన్నం ముందు కూర్చునే నిద్రపోయాడు.

మెల్లగా తాడు దారిలో పడింది. ఎక్కిళ్ళకు మోసపోవడం మానేసింది. ఒక మధ్యాహ్నం సుగుణ తల ఊపకముందే అది బిగిసింది. ఆలస్యంగానే, కానీ బిగిసింది. ఇద్దరూ కేక వేసినంత పనిచేసి, పాప లేస్తుందని నోళ్ళు మూసుకున్నారు.

అలాంటప్పుడు ఒక సర్కారు ఆఫీసరు గెడ్డపాలెం వచ్చాడు.

"మీ అందరికీ మంచిరోజులమ్మా" అన్నాడు అరుగు మీద కూర్చుని. "కంపెనీవారు మన తీరం పిల్లలందరి ఊపిరీ మళ్ళీ ఉచితంగా వింటామంటున్నారు. మిత్రదేశం తరఫున కానుక. వాళ్ళ మంత్రిగారే స్వయంగా వస్తున్నారు. మీ పాపకే మొదటి తాడు. స్టేజీ మీద నువ్వు రెండు ముక్కలు ధన్యవాదాలు చెబితే చాలు. ఏం చెప్పాలో మేం చెబుతాం."

"మునుపు మనమే తీసుకునేవోలం కదా బావూ, అదే కదా ఇప్పుడు ఇత్తన్నారు?" అంది అచ్చియ్యమ్మ.

"అప్పుడది పన్నమ్మా. ఇది ప్రేమ" అన్నాడు ఆఫీసరు, టీ గ్లాసు కింద పెడుతూ.

ఆ సాయంత్రం రత్నం సుగుణకు ఫోన్ చేసింది. రెండు తాళ్ళూ కట్టవచ్చా అని అడిగింది. "కట్టకూడదు" అంది సుగుణ. "కొండ మీది యంత్రం పాప ఊపిరి ఆగకముందే తట్టేస్తుంది. ఆగనిదే మన తాడు నేర్చుకోలేదు. నేర్చుకున్నది కూడా పాప ఎదిగేకొద్దీ పనికిరాకుండా పోతుంది. ఏదో ఒకటే."

"మీరేటి సెయ్యమంటారు?"

"కొండ మీది యంత్రం మన తాడుకన్నా చాలా తెలివైనది. అది నేను మీ దగ్గర దాచకూడదు" అని మాత్రం అంది సుగుణ.

ఎల్లాజీ ఆలోచించాల్సిందేమీ లేదన్నాడు. "ఇత్తామని ఇంటికొచ్చి మరీ పిలుత్తుంటే ఒద్దంటావేటే? దండాలెట్టమంటే ఎట్టేద్దాం. మన గుంట బతకడం కావాల."

"ఒద్దని నానెక్కడన్నాను మావా?"

"మొకంలో అంటన్నావు."

"నాకు బయ్యం. అంతే. ఇటైనా బయ్యమే, అటైనా బయ్యమే."

ఎల్లాజీ ఇంక దెబ్బలాడలేదు. లోవ పాదాన్ని బొటనవేలితో నిమురుతూ కూర్చున్నాడు.

సభ పరిశోధనశాల ముందే పెట్టారు. షామియానా, ఎర్ర తివాచీ, రెండు దేశాల జెండాలు. మంత్రి మంచి మనిషిలాగే ఉన్నాడు. ఎండకు మొహం కందిపోయినా చిరునవ్వు చెదరలేదు. రత్నాన్ని స్టేజీ మీదికి పిలిచారు. ఒక పళ్ళెంలో పట్టుగుడ్డ మీద కొత్త మొలతాడు పెట్టి ఉంది. దాని మీద కంపెనీ గుర్తు బంగారు రంగులో మెరుస్తోంది.

మంత్రి మాట్లాడాడు. పక్కన నిలబడ్డ అమ్మాయి తెలుగులో చెప్పింది. "మన స్నేహం ఉన్నంతకాలం ఈ కానుక మీ పిల్లల ఊపిరిని కాపాడుతుంది అంటున్నారు."

జనం చప్పట్లు కొట్టారు. ఆఫీసరు మైకు రత్నం చేతికిచ్చి, నేర్పిన మాటలు చెప్పమని కళ్ళతోనే సైగ చేశాడు. రత్నం మైకు నోటికి దగ్గరగా పెట్టుకోవడం మరిచిపోయింది. పక్కనున్న అమ్మాయినే అడిగింది.

"అమ్మా, ఆరిని ఒక్కమాట అడుగుతావేటి? మా పెద్దోలు ఆరికి కోపమొచ్చే పనేదో సేసినారనుకో, మల్లీ అలిగినారనుకో. అప్పుడు నా గుంట నిద్దట్లో ఉంటే, తాడు ఆపేముందు మాకు సెప్తారా?"

ఆ అమ్మాయి ఆఫీసరు వైపు చూసింది. ఆఫీసరు పళ్ళెం వైపు చూశాడు. అమ్మాయి మంత్రి చెవిలో ఏదో పొట్టిగా చెప్పింది. మంత్రి మొహం వికసించింది. లోవ బుగ్గ మీద వేలితో రాసి, సంతోషంగా రెండు ముక్కలన్నాడు.

"మీ పాప చాలా ముద్దుగా ఉందంటున్నారు" అంది అమ్మాయి, రత్నం కళ్ళలోకి చూడకుండా.

కెమెరాలు మెరిశాయి. పళ్ళెం ముందుకొచ్చింది. రత్నం రెండు చేతులూ జోడించి మంత్రికి నమస్కారం పెట్టింది. కొట్లాట ఎవరితో? ఆ మనిషి తన బిడ్డ బుగ్గ నిమిరాడు, అంతే కదా. "కవలల తల్లి ఉంది బావూ, నడవలో" అంది ఆఫీసరుతో మెల్లగా. "ఆయమ్మని ముందు పిలవండి. ఇద్దరు గుంటలు, ఆయమ్మకి తప్పదు." అని పళ్ళెంలోని తాడు ముట్టకుండానే మెట్లు దిగింది.

ముందు వరసలో ఎల్లాజీ లేచి నిలబడ్డాడు. కోప్పడతాడనుకుంది. అతను పాప సంచీ అందుకుని ఆమె వెనకే నడిచాడు. లోపలి గది తలుపు దగ్గర మాత్రం ఆగిపోయి, "నాను సూడనేనే" అని గోడకు ఆనుకున్నాడు.

గదిలో సుగుణ ఒక్కతే ఉంది. సభకు రమ్మంటే తలనొప్పి అని చెప్పి తప్పించుకుంది. రత్నాన్ని చూసి చాప పరిచింది. లావు తాడు కట్టారు. బయటి చప్పట్లకు లోవ రెండుసార్లు ఉలిక్కిపడి, పాలు తాగి, చివరికి నిద్రపోయింది.

ఊపిరి సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఆగింది.

రత్నం వేలు అరికాలి దగ్గర ఉంది. సుగుణ ఆగమనలేదు, అనక్కర్లేకపోయింది. రత్నం తాడు వైపు చూసింది. చింతగింజంత ఉబ్బు కదలకుండా ఉంది. ఆలస్యమవుతోంది. పెదాల అంచున నీలం మొదలవబోతోందా, నీడా? బయట మైకులో ఎవరో ఎవరికో కృతజ్ఞతలు చెబుతున్నారు. ఇంక ఆగలేననుకుంది రత్నం. వేలు దించబోయింది.

లోవ పొట్ట లేచింది. బావిలోంచి చేద పైకొచ్చినట్టు నింపాదిగా లేచి, దిగి, మళ్ళీ లేచింది. పాప నిద్రలోనే నోరు చప్పరించింది.

"ముట్టుకున్నావా?" అంది సుగుణ. ఎప్పుడూ మీరు అనే మనిషి నువ్వు అంది.

"నేదమ్మా. తాడు కదిలిందా?"

సుగుణ వంగి పలక ఆనించి చూసింది. కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని మళ్ళీ చూసింది. "కదల్లేదు. బిగుసుకుందామా వద్దా అని ఆలోచిస్తూ ఉంది. ఈలోపల..."

"ఈలోపల ఇదే సొంతంగా ఊపిరి తీసుకుందా?"

"ఇదే తీసుకుంది."

గోడ అవతల నుంచి ఎల్లాజీ గొంతు వినిపించింది. "ఏటయినాది? ఏటయినాదే?"

ఒక్కసారికే నమ్మేసే ధైర్యం రత్నానికి లేదు. పాప పెదాల మీది నుంచి కళ్ళు తియ్యకుండా, వేలిని వెనక్కి, ఇందాకటికన్నా బెత్తెడు దూరంగా జరుపుకుంది.

"ఇంకోసారి సూద్దాం" అంది.